అమెరికా చట్టంలో కులం ఎక్కడుంది?

గరిడేపల్లి, కోదాడ, మిర్యాలగూడ నుంచి ఎం.ఎస్. చదువులకు అమెరికా వెళ్తున్న దళిత విద్యార్థులు మొదట తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. మన ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వంటిది అక్కడ లేదు. 2018లో మిర్యాలగూడలో జరిగిన కుల హత్య కేసును నల్గొండలోని ఎస్సీ, ఎస్టీ కేసుల ప్రత్యేక కోర్టు విచారించి 2025 మార్చి 10న తీర్పు చెప్పింది. అమెరికాలో అలాంటి కోర్టూ లేదు, 'కులం' అనే మాటతో జాతీయ చట్టమూ లేదు.

ఉన్నది 1964 నాటి పౌర హక్కుల చట్టం. ఉద్యోగంలో జాతి, రంగు, మతం, లింగం, జాతీయ మూలం ఆధారంగా వివక్ష చూపరాదని అందులోని ఏడో అధ్యాయం చెబుతుంది. ఆ పక్కన రాష్ట్రాల చట్టాలు, వాటి కింద నగరాల ఆర్డినెన్సులు. అక్కడ ఆర్డినెన్సు అంటే మన గవర్నరు తెచ్చే తాత్కాలిక శాసనం కాదు, నగర కౌన్సిల్ చేసే శాశ్వత చట్టం.

చట్టంలో మాట లేకపోతే ఏమవుతుందో చెప్పే కేసు మన పక్కనే మొదలైంది. కోదాడ దాటి విజయవాడ రోడ్డు పట్టుకుంటే ఎంతో దూరం కాదు, మైలవరం దగ్గరి వెల్వడం. ఆ ఊరి నుంచి వెళ్లి కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో పెద్ద ఆస్తిపరుడైన లకిరెడ్డి బాలిరెడ్డి అపార్ట్‌మెంట్‌లో 1999 నవంబరులో ఒక 17 ఏళ్ల బాలిక విషవాయువుతో చనిపోయింది. బడి ఈడు పిల్ల బడిలో ఎందుకు లేదని మొదట అడిగింది బర్క్‌లీ హైస్కూల్ విద్యార్థి పత్రికలో రాసే ఇద్దరు అమ్మాయిలు. అబద్ధపు వీసాలతో ఊరి పేద దళిత బాలికలను తెచ్చి లైంగికంగా, పనిపరంగా వాడుకున్న సంగతి దాంతో బయటపడింది. 2001లో అతనికి 97 నెలల జైలు, 20 లక్షల డాలర్ల పరిహారం పడ్డాయి. అభియోగాలు మాత్రం వీసా మోసం, పన్ను ఎగవేత, మైనర్ల తరలింపు వంటివి. ఆ పిల్లలనే ఎందుకు ఎంచుకున్నారన్న ప్రశ్నకు అభియోగ పత్రంలో చోటు లేదు.

దాదాపు ఇరవై ఏళ్ల తర్వాత, 2020 జూన్‌లో, కాలిఫోర్నియా ప్రభుత్వ పౌర హక్కుల శాఖ సిస్కో కంపెనీపై దావా వేసింది. దళిత ఇంజనీరును ఆధిపత్య కులాలకు చెందిన పైఅధికారులు వేధించారన్నది ఆరోపణ. కులం చట్టం రక్షించే వర్గం కాదని కంపెనీ వాదించింది. 2023 ఏప్రిల్‌లో ఇద్దరు పైఅధికారులపై ఆరోపణలను శాఖ ఉపసంహరించుకుంది. కంపెనీపై కేసు మిగిలింది.

ఈ సందిగ్ధాన్ని తీర్చే పని నగరాల దగ్గర మొదలైంది. 2023 ఫిబ్రవరి 21న సియాటిల్ కౌన్సిల్, క్షమా సావంత్ ప్రతిపాదనపై, 6-1 ఓట్లతో కులాన్ని వివక్ష నిషేధ జాబితాలో చేర్చింది. అమెరికాలో ఇదే మొదటి నగరం. సెప్టెంబరులో ఫ్రెస్నో చేర్చింది. కాలిఫోర్నియా శాసనసభ కూడా ఆయిషా వహాబ్ తెచ్చిన ఎస్.బి. 403 బిల్లును ఆమోదించింది. అక్టోబరు 7న గవర్నర్ గావిన్ న్యూసమ్ దాన్ని వీటో చేశారు. ఉన్న చట్టాలే కుల వివక్షను నిషేధిస్తున్నాయి, కొత్తది అనవసరం అన్నారు. ఈ మాట మాకు మింగుడు పడదు. అంత స్పష్టంగా ఉంటే ఒక పెద్ద కంపెనీ కోర్టుకెక్కి లేదని ఎలా వాదించగలిగింది?

రాజ్యాంగం ఎదుటి పక్షానికీ ఆయుధమే. కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ 2022 జనవరిలో తన విధానంలో కులాన్ని చేర్చితే, ఇది హిందువులను వేలెత్తి చూపడమేనని, మత స్వేచ్ఛకు విరుద్ధమని ఇద్దరు ప్రొఫెసర్లు ఫెడరల్ కోర్టుకు వెళ్లారు. 2023 నవంబరులో కోర్టు వారికి వ్యతిరేకంగా తీర్పు ఇచ్చింది. కులం అనే మాటను ఏ ఒక్క మతానికో కట్టనవసరం లేదని మన ఊళ్లలో దళిత క్రైస్తవుల శ్మశానాలు చూసినవారికి వేరే చెప్పాలా?

ఇక ఆచరణకు వస్తే గడువులు ముఖ్యం. ఉద్యోగంలో వివక్షపై ఫెడరల్ సమానావకాశాల కమిషన్‌కు 180 రోజుల్లో ఫిర్యాదు చేయాలి. అదే విషయంపై రాష్ట్ర సంస్థ ఉన్నచోట 300 రోజులు. కాలిఫోర్నియా పౌర హక్కుల శాఖకైతే మూడేళ్లు. కులం పేరు లేనిచోట ఫిర్యాదును 'వంశమూలం', 'జాతీయ మూలం' కింద కూడా రాయించాలి. మెయిళ్లు, చాట్‌లు, తేదీలు ఆఫీసు కంప్యూటర్‌లో కాక సొంత పుస్తకంలో, ఆ రోజుకారోజే రాసి పెట్టుకోవాలి.