ముప్పదియేడున్నర గంటల దినము

2023వ సంవత్సరము మార్చి 13వ తేదీ సోమవారము తెల్లవారుజామున హైదరాబాదులో 5.30 గంటలైనది. అదే క్షణమున అమెరికాలోని లాస్ ఏంజెలెస్ నగరములో ఇంకను ఆదివారమే. సాయంకాలము 5 గంటలు. అక్కడ ఆస్కార్ బహుమతుల సభ ఆరంభమైనది. ఆ సభలోనే ‘ఆర్‌ఆర్‌ఆర్’ చిత్రములోని ‘నాటు నాటు’ పాటకు ఉత్తమ గీత బహుమతి లభించెను. సంగీతము కూర్చిన కీరవాణి గారును, పాట వ్రాసిన చంద్రబోస్ గారును వేదిక నెక్కి దాని నందుకొనిరి. ఫిలింనగర్‌లో సూర్యోదయము, అక్కడ సూర్యాస్తమయము. ఇక్కడ సోమవారము, అక్కడ ఆదివారము. ఉత్సవ మొక్కటే, దినములు రెండు.

ఈ పన్నెండున్నర గంటల అంతరమును వార్త రెప్పపాటులో దాటును. మనిషి దేహముతో దాటవలెనన్నచో ఇంచుమించు ఒక పూర్తి దినము పట్టును. ఆ దినమును గురించియే నాలుగు మాటలు చెప్పదలచినాము. మేము ఆ దారిని వెనుక వరుసలో కూర్చుండియు పోయితిమి, ముందు వరుసలో పరుండియు పోయితిమి. కనుక రెండు పక్షముల మాటయు చెప్పగలము.

ముందుగా లెక్క చూతము. జూబిలీ హిల్స్ నుండి అర్ధరాత్రి కారులో బయలుదేరి శంషాబాదు చేరితి మనుకొందము. 2008లో అక్కడి విమానాశ్రయము తెరువక పూర్వమైనచో బేగంపేటకు పోయియుందుము. లాస్ ఏంజెలెస్‌కు ఇక్కడినుండి నేరుగా పోవు విమానము లేదు. దుబాయి వంటి మరియొక నగరములో మారవలెను. జనవరి మాసములో ఒకనాడు తెల్లవారుజామున 4 గంటలకు విమానము లేచిన దనుకొనుడు. దుబాయికి దాదాపు 4 గంటలు, అక్కడ వేచియుండుట మరి 4 గంటలు, అటుపిమ్మట 16 గంటలు. వెరసి 24 గంటలు. మన చేతి గడియారము మరునాటి తెల్లవారుజాము 4 గంటలు చూపుచుండును. కాని జనవరిలో లాస్ ఏంజెలెస్ కాలము మనకంటె 13½ గంటలు వెనుకబడి యుండును. అందుచేత అక్కడి గోడ గడియారము బయలుదేరిన తేదీనాటి మధ్యాహ్నము 2.30 గంటలనే చూపును. ఆ తేదీ ప్రయాణికునికి 24 గంటలతో ముగియదు. 37½ గంటలు సాగును. తిరుగు ప్రయాణములో కాలము ఆ అప్పును వడ్డీ లేకుండ వసూలు చేసికొనును.

దుబాయినుండి లాస్ ఏంజెలెస్‌కు సుమారు 13,400 కిలోమీటర్లు. భూగోళపు బొమ్మ మీద ఆ రెండు నగరముల నడుమ ఒక దారము బిగించి పట్టినచో అది పడమటికి పోదు. ఉత్తర ధ్రువ ప్రాంతము మీదుగా పోవును. రెండు నగరములును భూగోళమునకు ఇంచుమించు ఎదురెదురు ముఖములలో నుండుటయే దీనికి కారణము. డిసెంబరు, జనవరి మాసములలో ఆ ప్రాంతమున సూర్యుడే ఉదయింపడు. కనుక పగటివేళ బయలుదేరిన ప్రయాణికుడు దారిలో చీకటిని చూచి, మరల వెలుగులోనికి వచ్చును. తెల్లవారినదో, ప్రొద్దు గ్రుంకినదో దేహమునకు తెలియదు.

ఇట్టి ప్రయాణమును సులభము చేయుటకు పుట్టినదే బిజినెస్ క్లాసు. 1970 దశకములో తగ్గింపు టికెట్లు విరివిగా అమ్మసాగిన తరువాత, పూర్తి వెల చెల్లించినవారును, తక్కువ చెల్లించినవారును ప్రక్కప్రక్కన కూర్చుండవలసి వచ్చెను. పూర్తి వెల చెల్లించిన వ్యాపారస్థులు దీనికి సణగిరి. 1978, 1979 ప్రాంతములో కొన్ని విమాన సంస్థలు వారికి వేరుగా ఒక భాగమును ఏర్పరచినవి. మొదట దొరికినది కొంత వెడల్పు, కొంత మర్యాద మాత్రమే. 2000వ సంవత్సరములో బ్రిటిష్ ఎయిర్‌వేస్ సంస్థ ఈ తరగతిలో బల్లపరుపుగా మారు పడకను ప్రవేశపెట్టినది. పిమ్మట తక్కినవారును ఆ దారినే పట్టిరి.

ఈ పడక వలన లాభము లేదని మేమనము. గంటల తరబడి మోకాళ్లు ముడుచుకొని కూర్చున్నచో కాళ్లలోని రక్తము పైకి పోవుట మందగించును, పాదములు వాచును, ఒక్కొక్కప్పుడు సిరలలో రక్తము గడ్డ కట్టును. 4 గంటలు మించిన ప్రయాణములలో ఈ అపాయము ఇంచుమించు రెట్టింపగునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ప్రకటించినది. అయినను అది మిక్కిలి అరుదుగా వచ్చునదియే. విమానములోనే కాదు, రైలులోను, బస్సులోను కదలక కూర్చున్నవారికిని ఇది వర్తించును. ముందు వరుసలో కదలక పడియున్నవానికిని మినహాయింపు లేదు. అప్పుడప్పుడు లేచి నడచుట, మడమలను ఆడించుట ఏ తరగతివారికైనను ఉచితముగా దొరకు మందు.

ఇక ధనముతో కొనరానివి చూతము. విమానము 35 వేల అడుగులకు పైగా ఎగురుచున్నను, లోపలి గాలి ఒత్తిడిని 6 నుండి 8 వేల అడుగుల ఎత్తున నుండునట్లు ఉంచుదురు. అనగా ప్రయాణికులందరును ఉదకమండలము కొండమీద పదునారు గంటలు కూర్చున్నట్లే. గాలిలో తేమ మిక్కిలి తక్కువ. పెదవులు పగులును, కండ్లు మండును. ఈ గాలి ముందు వరుసకును, వెనుక వరుసకును ఒక్కటియే. ముందు వరుసలో అదనపు వెల లేక పోయు మద్యము నిద్రను తెచ్చినట్లే తెచ్చి నడుమ చెరచును. మంచినీళ్లు మేలు.

అన్నిటికంటె పెద్దది దేహములోని గడియారము. అది మన మెదడులో నున్నది. కంటబడు వెలుతురును బట్టి దిద్దుకొనుచుండును. ఇట్టి గడియారము కణములలో ఎట్లు నడచునో కనుగొన్న ముగ్గురు అమెరికా శాస్త్రజ్ఞులకు 2017లో నోబెల్ బహుమతి లభించినది. ఆ గడియారము మొండిది. దినమునకు రమారమి ఒక గంట చొప్పున మాత్రమే జరుగును. పదుమూడు గంటలు జరుగవలెనన్నచో పది దినములకు తక్కువ పట్టదు. వారము దినముల పనిమీద పోయినవాడు, తన దేహము అక్కడి కాలమునకు చేరకమునుపే ఇంటికి తిరిగి వచ్చుచున్నాడు!

‘నాటు నాటు’ పాటనే తీసికొందము. దానిని 2021 ఆగస్టులో ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లో చిత్రీకరించిరి. వేసవిలో కీవ్ కాలము మనకంటె వెనుకబడునది 2½ గంటలే. దేహము రెండు మూడు దినములలో సర్దుకొనును. బహుమతి అందుకొన్న ఊరి మాట వేరు. దూరము ఒక్కటే కాదు, గడియారముల అంతరమును కూడ చూడవలెననుటకు ఇదియే నిదర్శనము.

ఫిలింనగర్‌లోని నిర్మాణ నిర్వాహకులకు మా మనవి ఇక్కడనే. 1987లో విడుదలైన జంధ్యాల గారి ‘పడమటి సంధ్యారాగం’ చాలవరకు అమెరికాలో తీసినదే. నాటినుండి నేటివరకు మన యూనిట్లు పడమటికి పోవుచునే యున్నవి. నాయకుని ముఖమున అలసట కనబడరాదని అతనికి పడక కొందురు. తప్పు లేదు, కెమెరా అలసటను దాచదు. కాని దీపములు మోయు లైట్‌మన్, తెల్లవారకమునుపే లేవవలసిన మేకప్‌మన్, ఒక్క అడుగు తప్పినచో కాలు మెలిపడు గ్రూప్ డాన్సరు వెనుక వరుసలో నిటారుగా కూర్చుండి వచ్చుదురు. మరునాడే కాల్‌షీటు. బరువైన దీపమును ఎత్తుస్తంభము మీద బిగించువాని చేయి నిద్రమత్తులో జారినచో ఏమగునో వేరుగా చెప్పనక్కరలేదు.

అందరికిని పడకలు కొనుడని మేము కోరుట లేదు. దాని వెల సాధారణముగా మామూలు టికెట్టునకు మూడు నాలుగు రెట్లు. దిగిన మరునాడు అందరికిని ఒక విశ్రాంతి దినము ఇండు. దిగిన సాయంకాలము కొంతసేపు ఎండలో నడువనిండు. ఆ ఊరి రాత్రియందే నిద్రపోనిండు. దేహపు గడియారమునకు మేలుచేయునది ఆ వెలుతురే. పడకను ఒక్కనికి కొనవచ్చును. సూర్యుడు మాత్రము అందరికిని ఒక్కడే; అతనిని ఏ తరగతివారును వెంటబెట్టుకొని పోలేరు.