డిజిటల్ ఛాయాచిత్రాలు: ప్రతులు, పరిరక్షణ

తాటాకు ప్రతి రెండు మూడు వందల ఏండ్లయినా నిలుస్తుంది. దానికి తీసిన డిజిటల్ ఛాయాచిత్రం ఎన్నాళ్లు నిలుస్తుందన్నది దాచినవారి శ్రద్ధను బట్టి ఉన్నది. ఈ సంగతి నేను నష్టపడి తెలుసుకొన్నాను. రాయపూర్‌లో మా ఇంటనున్న తండ్రిగారి ఉత్తరాలకు, అనువాదాల వ్రాతప్రతులకు ఛాయాచిత్రాలు తీసి, అన్నింటినీ ఒకే హార్డ్ డిస్కులో ఉంచినాను. ఒక వర్షాకాలంలో కాగితాలకు చెదలు పట్టినవి. మరుసటి వేసవిలో డిస్కు చెడిపోయినది. లోగడ మిత్రునికి పంపిన కొన్ని చిత్రాలు మాత్రమే దక్కినవి.

1820ల చివర సి. పి. బ్రౌన్ కడపలో తన బంగళాలోనే పండితులను, లేఖకులను కూర్చి, కావ్యాలకు దొరికిన ప్రతులన్నీ తెప్పించి, సరిపోల్చి, శుద్ధప్రతులు వ్రాయించినాడు. ప్రతులు పెక్కు ఉండుట, వాటిని పోల్చి చూచుట: నేటి పద్ధతి కూడ ఇదే. మూడు ప్రతులు, రెండు విధాల సాధనాలలో, అందొకటి వేరొక చోట ఉండవలెనన్న సూత్రాన్ని అమెరికన్ ఛాయాచిత్రకారుడు పీటర్ క్రోగ్ ప్రచారంలోనికి తెచ్చినాడు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పాత స్థావరం మూతపడినా, అందలి తెలుగు గ్రంథాలెన్నో ఈనాడు చదువగలుగుతున్నామంటే, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో వాటికి ప్రతులు ఉండుటవల్లనే.

ఫోనులోని చిత్రాలు తమంత తామే క్లౌడ్‌లోనికి పోవుచున్నవి గదా అని పలువురు నిశ్చింతగా ఉన్నారు. ఇది పొరపాటు. అట్టి ఏర్పాట్లలో చాలవరకు ఇక్కడ చెరిపినది కొన్నాళ్లకు అక్కడా చెరిగిపోవును. అది ప్రతి కాదు, అద్దంలోని ప్రతిబింబం. పెన్ డ్రైవు సంగతి సరే సరి. అది మోయుటకే గాని దాచుటకు కాదు. ఒక డిస్కునైనా పని ముగియగానే కంప్యూటరు నుండి విడదీసి ఉంచవలెను.

ఇక పోలిక. ప్రతి ఫైలునుండి చెక్‌సమ్ అనే చిన్న అక్షరాంకెల వరుసను కంప్యూటరు గణించగలదు. ఫైలులో ఒక్క బిట్టు మారినా ఆ వరుస మారును. ప్రతి తీసిననాడే దానిని పట్టికలో వ్రాసికొని, ఏటేటా మరల సరిచూడవలెను. చెడిన ప్రతి ఏదో అది పట్టియిచ్చును గాని బాగుచేయలేదు. అందుకు చెడని ప్రతి మరొకటి ఉండి తీరవలెను. వ్రాతప్రతుల మూలచిత్రాలను టిఫ్ రూపంలో ఉంచుట మేలు. జెపెగ్ పంపుటకు తేలిక, కాని దిద్ది భద్రపరచిన ప్రతిసారీ కొంత వివరం పోవును.

చిత్రంతోపాటు పేర్లు, ఊరు, తేదీ కూడ వ్రాసి ఉంచవలెను. నాకు దక్కినవానిలో ఒక సాహిత్యసభ చిత్రమున్నది. మా తండ్రిగారి ప్రక్కన కూర్చున్నవారెవరో చెప్పగలవారు మా ఇంట ఇప్పుడెవరూ లేరు.