ఫీజు లేని పోటీకి కథ పంపాలా?

1934లో తెలుగు సాహిత్యంలో రెండు పిలుపులు ఫలించాయి. ఒకటి ఆంధ్ర విశ్వకళా పరిషత్తు పెట్టిన నవలల పోటీ. అందులో విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’, అడివి బాపిరాజు ‘నారాయణరావు’ బహుమతిని పంచుకున్నాయి. రెండోది పోటీయే కాదు. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరన్నట్టుగా ఒక మాట వినబడితే, పాలమూరు జిల్లా ఇటిక్యాలపాడుకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి వాదనకు దిగలేదు. కవులను వెతికి, పద్యాలు తెప్పించి, 354 మందితో ‘గోలకొండ కవుల సంచిక’ అచ్చు వేశారు. అందులో మొదటి బహుమతీ లేదు, కన్సొలేషనూ లేదు. అయినా ఆ పద్యాలు పెద్ద పనే చేశాయి.

ఇవాళ నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో కొత్తగా రాస్తున్నవాళ్ల ఫోన్లకు కథల పోటీలు, కవితల పోటీల ప్రకటనలు వస్తూనే ఉంటాయి. చాలావాటిలో చివర ఒక ఊరడింపు కనిపిస్తుంది: ప్రవేశ రుసుము లేదు. పోయేదేముంది, పంపేద్దాం అనిపిస్తుంది. కానీ పోయేది ఉంటుంది, అది రూపాయల్లో కనబడదు, అంతే.

మొదట పోయేది కాలం. కథ ఎక్కడా అచ్చు కాలేదని, అనువాదమో అనుసరణో కాదని హామీపత్రం అడుగుతారు. ఫలితాలు వచ్చేదాకా మరో పత్రికకు పంపొద్దంటారు. ఇవి న్యాయమైన షరతులే. అయితే ఫలితాల తేదీ చెప్పని పోటీలో కథ నెలల తరబడి ఇరుక్కుపోతుంది. నెలకు నాలుగు కథలు రాసేవాళ్లకు ఇది లెక్కలోకి రాదు. ఏడాదికి రెండు రాసేవాళ్లకు మాత్రం సగం పంట ఆగిపోయినట్టే.

రెండోది హక్కు. దీన్ని ఎక్కువమంది చదవకుండానే సంతకం చేస్తారు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం కథకు మొదటి హక్కుదారు సాధారణంగా రాసిన మనిషే. ఆ హక్కు మరొకరికి బదిలీ కావాలంటే రాతపూర్వకంగా, రచయిత సంతకంతో జరగాలి. ‘పోటీకి వచ్చిన రచనలపై సర్వహక్కులూ నిర్వాహకులవే’ అన్న వాక్యం హామీపత్రంలో ఉంటే, మీ సంతకమే వాళ్ల చేతిలో కాగితం అవుతుంది. ఎంతకాలానికి బదిలీయో రాయకపోతే చట్టం దాన్ని ఐదేళ్లుగా లెక్కిస్తుంది. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకేనని భావిస్తుంది. బహుమతి పొందిన కథను ఒకసారి పత్రికలో, ఒకసారి సంకలనంలో వేసుకుంటామంటే అభ్యంతరం ఉండక్కర్లేదు. బహుమతి రాని కథల మీద కూడా హక్కు అడిగేవాళ్లకు మాత్రం కథ ఇవ్వకూడదని నా అభిప్రాయం.

మూడోది తర్వాత వచ్చే బిల్లు. అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రం నుంచి ఇంటర్నేషనల్ లైబ్రరీ ఆఫ్ పొయెట్రీ అనే సంస్థ ఏళ్ల తరబడి ఉచిత కవితల పోటీలు నడిపింది. పంపినవాళ్లందరూ దాదాపుగా సెమీఫైనలిస్టులే! మీ కవిత ఉన్న సంకలనం కావాలంటే మాత్రం సుమారు 50 డాలర్లు. ఒకాయన వెర్గల్ ఫ్లాంప్ అనే దొంగపేరుతో అర్థంపర్థం లేని కవిత పంపితే అదీ ఎంపికైంది. తమాషా ఏమిటంటే, ఆ దొంగపేరుతోనే ఇప్పుడు అమెరికాలో ఒక నిజమైన హాస్య కవితల పోటీ జరుగుతోంది. దానికీ ఫీజు లేదు. అంటే ఫీజు లేకపోవడం ఒక పోటీ మంచిదనీ చెప్పదు, చెడ్డదనీ చెప్పదు. మన దగ్గరా ఈ వ్యాపారం వేరే వేషంలో ఉంది. పాల్గొన్న అందరికీ ప్రశంసాపత్రం, కొందరికి బిరుదు. ఆ వెనకే సంకలనం కాపీలు ఇన్ని కొనాలని, సభలో శాలువాకూ మెమెంటోకూ ఇంత కట్టాలని ఫోను వస్తుంది.

ఇలాగని పోటీలన్నిటినీ కొట్టిపారేయలేం. గడువు చాలామంది చేత రాయిస్తుంది. ‘వేయిపడగలు’ అంతటి గ్రంథాన్ని విశ్వనాథ 29 రోజుల్లో చెప్పి రాయించారంటారు. చిలకమర్తి లక్ష్మీనరసింహం ‘రామచంద్ర విజయం’ 1894లో ‘చింతామణి’ పత్రిక పోటీలో బహుమతి పొందిన నవల. బడిపిల్లల సంగతైతే ఆలోచించనే అక్కర్లేదు. ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాల్లో పెట్టే వ్యాసరచన పోటీలకు పిల్లలను పంపండి. వాళ్లకు పోయేది నిజంగానే ఏమీ లేదు.

పెద్దవాళ్లకు ఇంకో ప్రమాదం ఉంది. పోటీకి రాస్తున్నప్పుడు జడ్జీలకు ఏది నచ్చుతుందో ఊహించి రాయడం అలవాటవుతుంది. పాలమూరు అనగానే వలస, నల్లగొండ అనగానే ఫ్లోరైడు. రెండూ నిజమైన బాధలే, వాటి మీద గొప్ప రచనలు రావాల్సిందే. కానీ రాసే మనిషికి నిజంగా తెలిసింది దేవరకొండ బస్టాండులో బుక్‌స్టాలు నడిపే అత్త గురించి అయితే, బహుమతి కోసం బావి దగ్గరి కన్నీళ్లు రాయడం ఎందుకు? యాస విషయంలోనూ అంతే. మన మాటను ‘సరిదిద్ది’ వేసే పోటీ అయితే ఆ బహుమతి అక్కర్లేదు.

ఏ పోటీ ఎలాంటిదో తెలుసుకోవడానికి తేలిక మార్గం ఒకటుంది. జిల్లా కేంద్ర గ్రంథాలయానికి పోయి, ఆ నిర్వాహకుల పాత సంకలనాలు గానీ, బహుమతి కథలు వేసిన సంచికలు గానీ దొరుకుతాయేమో అడగండి. రెండు కథలు చదివితే వాళ్ల చూపు తెలిసిపోతుంది. న్యాయనిర్ణేతల పేర్లు, ఫలితాల తేదీ ప్రకటించారా, పోయినసారి గెలిచినవాళ్లకు డబ్బు ముట్టిందా అన్నది విచారించండి. హక్కుల వాక్యం అర్థం కాకపోతే నిర్వాహకులకే ఉత్తరం రాసి అడగండి. జవాబు రాకపోతే ఆ కథను నేరుగా మీకు నచ్చిన పత్రిక సంపాదకుడికి పంపండి, ఒక కాపీ మాత్రం మీ దగ్గర ఉంచుకోండి.