బొమ్మకు బరువు ఎక్కడి నుంచి వస్తుంది?

మేము సాక్చిలో ఉంటున్న తెలుగు పిల్లలం. మా తాతలు ఉక్కు కర్మాగారంలో పని కోసం శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. మా ముగ్గురికీ బొమ్మల పిచ్చి. లెక్కల నోటు పుస్తకం వెనక పేజీలు చూస్తే మా సంగతి తెలిసిపోతుంది. పదో తరగతికి వచ్చాక ఇంట్లో ఒకటే ప్రశ్న: "బొమ్మలు కూడు పెడతాయా?" ఈ ప్రశ్న విని అలగడం కంటే జవాబు వెతకడం మంచిదనిపించింది. మాకు తెలిసింది మీతోనూ పంచుకుంటున్నాం.

ముందు రెండు మాటల అర్థం చూద్దాం. కదలని బొమ్మను కదిలించి, దానికి ప్రాణం ఉందనిపించేవారు యానిమేటర్. కథ ఇంకా కాగితం మీద ఉండగానే, ఆ కథలోని మనుషులు, ఊళ్లు, ఆయుధాలు ఎలా ఉంటాయో గీసి చూపేవారు కాన్సెప్ట్ ఆర్టిస్ట్. కోట గోడ రాతిదా, మట్టిదా? రాక్షసుడు గదను ఒంటి చేత్తో ఎత్తుతాడా, రెండు చేతులతోనా? ఇలాంటివి ముందే తేలితే, తర్వాత సెట్టు వేసేవారికి, దుస్తులు కుట్టేవారికి, కంప్యూటర్‌లో బొమ్మ తయారుచేసేవారికి దారి దొరుకుతుంది.

చదివితే సులువుగానే ఉంది. చేసి చూద్దామనుకున్నాం. సినిమాలో సెకనుకు 24 చిత్రాలు కదులుతాయి. ఒక్కో బొమ్మను రెండేసి సార్లు చూపిస్తే 12 బొమ్మలు చాలు. అంటే ఐదు సెకన్లకు 60 బొమ్మలు. సాక్చి బజారులో తెల్ల కాగితాలు కొన్నాం. కింది కాగితం మీది గీత పైకి కనబడేలా వాటిని కిటికీ అద్దానికి ఆనించి గీశాం. ఒక్కొక్కటే ఫోనుతో ఫొటో తీసి వరసగా నడిపించాం. కథ ఏమీ లేదు. ఒక ఇనుప గుండు పైనుంచి నేల మీద పడాలి, అంతే.

పడింది. కానీ ఇనుప గుండులా కాదు, గాలి తగ్గిన బెలూన్‌లా మెల్లగా దిగింది! అందరూ నవ్వారు. తప్పెక్కడుందని మళ్లీ కాగితాలన్నీ పేర్చి చూస్తే, బొమ్మకూ బొమ్మకూ మధ్య దూరం అంతటా ఒకేలా పెట్టాం. కిందికి పడే వస్తువు వేగం క్షణక్షణానికీ పెరుగుతుందని భౌతికశాస్త్రంలో చదివాం, పరీక్షలో రాశాం కూడా. గీసేటప్పుడు మాత్రం మరిచిపోయాం. పైన దూరాలు తక్కువగా, కిందికి వచ్చేకొద్దీ ఎక్కువగా పెట్టి మళ్లీ గీస్తే గుండు దభీమని పడింది. గీసిన వృత్తం అదే. దానికి బరువు ఇచ్చింది రంగు కాదు, గీత కాదు, కదలిక.

ఈ పనికి పేరు కొత్తది గానీ పని మనకు కొత్తది కాదు. 1957లో వచ్చిన 'మాయాబజార్'కు మాధవపెద్ది గోఖలే, కళాధర్ కళాదర్శకులు. గోఖలే కథలు రాశారు, పత్రికలకు బొమ్మలు వేశారు, సినిమాలకు కళాదర్శకత్వం వహించారు. అప్పట్లో 'కాన్సెప్ట్ ఆర్టిస్ట్' అన్న మాట మన దగ్గర వాడుకలో లేదు. కానీ లేని లోకాన్ని ముందుగా ఊహించి చూపడం అదే పని. ఆ నలుపు తెలుపు సినిమాకు 2010లో రంగులు అద్దినప్పుడు కళాకారులకు మరో పరీక్ష ఎదురైంది. తెర మీద బూడిదరంగులో కనబడే చీరకు ఏ రంగు వేయాలి? ఒక బొమ్మ ఒక మాధ్యమం నుంచి ఇంకో మాధ్యమంలోకి మారినప్పుడు ఇలాంటి ప్రశ్నలే మళ్లీ మొదటి నుంచి వస్తాయి.

ఇక బాపుగారు. 1933లో పుట్టిన ఆయన అసలు పేరు సత్తిరాజు లక్ష్మీనారాయణ. చదివింది న్యాయశాస్త్రం, చేరింది ఆంధ్రపత్రికలో కార్టూనిస్టుగా. ముళ్లపూడి వెంకటరమణగారి 'బుడుగు'కు రూపం ఇచ్చింది ఆయన గీతే. 1967లో 'సాక్షి'తో దర్శకులయ్యారు. షూటింగుకు ముందే సన్నివేశాలను వరస బొమ్మలుగా గీసుకోవడం ఆయన పద్ధతి. దీన్నే స్టోరీబోర్డు అంటారు. ఆయన చేతిరాత కంప్యూటర్ అక్షరాలుగా మారి ఇప్పటికీ శుభలేఖల మీద కనబడుతోంది. కార్టూన్, పుస్తకం, సినిమా, అక్షరం: వేదికలు మారాయి గానీ చూడగానే "ఇది బాపు బొమ్మ" అనిపించే గుణం మారలేదు.

మా ఊరికి దగ్గరలో ఉన్న పాఠశాల ఒకటి చెప్పాలి. అది సరాయికేలా ఛౌ నృత్యం. అక్కడ నర్తకులు ముఖానికి ముసుగు వేసుకుంటారు. ముసుగు నవ్వదు, ఏడవదు. మెడ వంపు, భుజం, అడుగు వేసే తీరుతోనే కోపమూ దుఃఖమూ చూపాలి. రాజమౌళిగారి 'ఈగ' (2012) గుర్తు తెచ్చుకోండి. అందులో ఈగ మాట్లాడదు, దాని ముఖంలో మనిషి ముఖంలోని కవళికలు లేవు. అయినా దానికి కోపం వస్తే మనకు తెలుస్తుంది. ముసుగు వేసుకున్న నర్తకుడికీ, ఆ ఈగను కదిలించిన యానిమేటర్లకూ ఎదురైన చిక్కు ఒక్కటే.

అలాగే అనంతపురం ప్రాంతపు నిమ్మలకుంట తోలుబొమ్మలు. చేయి, మోచేయి విడివిడి ముక్కలుగా కోసి, కీళ్ల దగ్గర కట్టి ఆడిస్తారు. ఈనాడు కంప్యూటర్‌లో బొమ్మకు కీళ్లు అమర్చడాన్ని రిగ్గింగ్ అంటారు. తోలు పోయి తెర వచ్చింది, కీలు అలాగే ఉంది.

అయితే ఒక మాధ్యమంలో నేర్చుకున్నది ఇంకోదానికి యథాతథంగా సరిపోదు. టీవీ ధారావాహికకు బొమ్మలు చాలా కావాలి. అందుకని ఎంతమంది గీసినా ఒకేలా వచ్చేటట్లు గీతలు తక్కువగా ఉండాలి. హైదరాబాద్‌లోని గ్రీన్ గోల్డ్ సంస్థ తీసిన 'ఛోటా భీమ్' (2008) చూడండి, ఎవరైనా నోటు పుస్తకంలో గీసేయగలరు. కామిక్స్‌లో కదలిక ఉండదు, రెండు గడుల మధ్య జరిగినదాన్ని పాఠకుడే ఊహించుకోవాలి. వీడియో గేమ్‌లో కెమెరా ఆడేవారి చేతిలో ఉంటుంది, కాబట్టి పాత్ర వీపు కూడా ముఖమంత శ్రద్ధగా గీయాలి. నడక ఎక్కడా తెగకుండా, చివరి బొమ్మ మొదటి బొమ్మతో కలవాలి.

కష్టాలు దాచకూడదు. చాలా ఉద్యోగాలు ఒక ప్రాజెక్టు ఉన్నంత కాలమే. గీసినవాటిలో ఎన్నో పక్కన పడేస్తారు. సినిమా విడుదలయ్యేదాకా మన పని మనవాళ్లకే చూపకూడదు. సాఫ్ట్‌వేర్ మారుతూనే ఉంటుంది. ఇప్పుడు మాట చెబితే బొమ్మ ఇచ్చే యంత్రాలూ వచ్చాయి. అందుకే ఒక్క సాఫ్ట్‌వేర్‌నే నమ్ముకుంటే చాలదు. చూసే కన్ను, కథకు ఏది కావాలో తేల్చుకునే బుద్ధి ఉన్నవారు మాత్రం ఏ మాధ్యమంలోకి వెళ్లినా మళ్లీ నేర్చుకోగలరు.

చదువుకునే దారులు ఉన్నాయి. అహ్మదాబాద్‌లోని జాతీయ డిజైన్ సంస్థకు, ఐఐటీ బాంబే వంటి చోట్ల బీడిజైన్‌కు ప్రవేశ పరీక్షలు ఉంటాయి. పన్నెండో తరగతి ఏ విభాగంలో చదివినా రాయవచ్చు. హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, లలితకళల విశ్వవిద్యాలయంలో యానిమేషన్‌లో బీఎఫ్‌ఏ ఉంది.

చివరగా ఒక మాట. మాలో ఒకరి నాన్నగారు ఫిట్టర్. ఒక ఆదివారం ఆయనకు మా ఇనుప గుండు చూపించాం. రెండుసార్లు చూసి, "గుండు పడ్డాక నేల కొంచెం అదరాలి కదా" అన్నారు. రోజూ ఇనుము మోసే చేతులకు తెలిసింది మా పుస్తకంలో లేదు. ఇంకో నాలుగు బొమ్మలు గీసి నేలను అదిరించాం. బొమ్మ అప్పుడు పూర్తయింది. ఆయన ఇంకా "సరే" అనలేదు. కానీ మర్నాడు డ్యూటీ నుంచి రాగానే, "తర్వాత ఏం పడేస్తున్నారర్రా?" అని అడిగారు.

మీకూ ఆసక్తి ఉంటే ఒక చిన్న పుస్తకం, పెన్సిల్ పట్టుకుని సాక్చి గోల్‌చక్కర్ దగ్గర పావుగంట నిలబడండి. బస్తా మోసే మనిషి నడుము ఎలా వంగుతుందో, ఖాళీ చేతులతో తిరిగి వచ్చేటప్పుడు అదే నడుము ఎలా ఉంటుందో గీయండి. బొమ్మకు బరువు అక్కడి నుంచే వస్తుంది.