కంటికి కనబడని చక్రము

మోటారుకారునకు చక్రములెన్ని యని యడిగిన, బాలుడైనను నాలుగని చెప్పును. కొంచెము ఆలోచన గలవాడు డిక్కీలోని స్టెప్నీని గూడ కలిపి అయిదనును. ఇంకను గడుసువాడు చేతిలోని స్టీరింగును లెక్కకు తెచ్చును. కాని ఇంజనుకును గేరుబాక్సునకును నడుమ, లోహపు గూటిలో, యజమాని కంట ఒక్కనాడును పడక, బండి ఆయుర్దాయమంతయు తిరుగుచుండు బరువైన చక్రమొకటి గలదనియు, దాని నునుపైన ముఖమునకు అతుక్కొనుచు విడివడుచునుండు పలుచని బిళ్ల యొకటి గలదనియు, ఆ రెంటి పొందిక చెడిన నాడు తక్కిన చక్రములన్నియు నిరుపయోగములగుననియు ఎరిగినవారు తక్కువ. ఆ చక్రమే ఫ్లైవీలు. ఆ బిళ్ల క్లచ్ ప్లేటు. మంచి పరికరములును, ఒకటి రెండు సెలవుదినములును, ఓపిక గల తోడుమనిషియును ఉన్న గృహస్థుడు ఈ రెంటిని తన యింటి షెడ్డులోనే మార్చుకొనగలడు. అయితే ప్లేటు మార్చుటయే పని యని తలచి ఫ్లైవీలును చూచియు చూడనట్లు విడుచువాడు, పని నంతటిని చేసియు సగము ఫలమునే పొందునని నా వాదము.

ఇంజనులో పెట్రోలు మండుట ఎడతెగని ధార కాదు; తెరపి యిచ్చి తెరపి యిచ్చి పడు దెబ్బల పరంపర. నాలుగు స్ట్రోకుల ఇంజనులో క్రాంకుషాఫ్టు రెండు చుట్లు తిరుగునంతలో ఒక్కొక్క సిలిండరు ఒక్కమారే మండును. నాలుగు సిలిండర్ల బండిలో అరచుట్టు కొకసారి, మారుతి 800 వంటి మూడు సిలిండర్ల బండిలో 240 డిగ్రీల కొకసారి దెబ్బ పడును. దెబ్బకును దెబ్బకును నడుమ ఇంజను డీలాపడకుండ, తనలో నిలువచేసికొన్న శక్తితో దానిని ముందునకు నడుపునది ఫ్లైవీలు. కుమ్మరి సారెకు కోలతో ఊపునిచ్చి విడిచి, అది తిరుగుచుండగా తీరికగా కుండకు రూపు దిద్దుటలోని సూత్రమే ఇదియును. దాని అంచుకు పండ్లచట్రము బిగింపబడియుండును. తాళము తిప్పగానే స్టార్టరు మోటారు పట్టి తిప్పునది ఆ పండ్లనే. ముఖభాగము మాత్రము క్లచ్చిది. ఫ్లైవీలునకు బోల్టులతో బిగింపబడిన ప్రెషరు ప్లేటు, తన డయాఫ్రము స్ప్రింగు బలముతో క్లచ్ ప్లేటును ఆ ముఖమునకు అదిమిపట్టును. ప్లేటు నడిమి పండ్లలో దూరియున్న గేరుబాక్సు షాఫ్టు అప్పుడు ఇంజనుతో పాటు తిరుగును. పెడలు త్రొక్కగా రిలీజు బేరింగు స్ప్రింగు వ్రేళ్లను నొక్కును, అదుము సడలును, ఇంజను తన దారిని తాను తిరుగుచుండ గేర్లు విశ్రమించును.

ఈ యేర్పాటులో అరుగుదల దోషము కాదు, ధర్మము. నిలిచియున్న బండిని కదలించునపుడు ఒకప్రక్క వేగముగా తిరుగుచున్న ఫ్లైవీలును, మరొకప్రక్క నిశ్చలముగానున్న షాఫ్టును ఏకవేగమునకు తెచ్చువరకు ప్లేటు జారక తప్పదు. ఇంజను వేగము మారకుండనుంచి సమతలమున బండిని కదలించినచో, జారుట ముగియునప్పటికి బండి ఎంత గతిశక్తిని పొందునో ఇంచుమించు అంత శక్తియు క్లచ్చిలో వేడియై పోవునని యంత్రశాస్త్రము చెప్పుచున్నది. ప్రతి సిగ్నలు కడను ఈ సుంకము చెల్లింపవలసినదే. అందుచేతనే హైదరాబాదు రద్దీలో హాఫ్ క్లచ్చి మీద అంగుళమంగుళము జరుగు బండికిని, పల్లెరోడ్డు మీద టాప్ గేరులో పోవు బండికిని కిలోమీటర్లు సమానమైనను క్లచ్చి వయస్సు సమానము కాదు. పెడలు మీద పాదము నూరకే ఆనించి నడుపు అలవాటొకటి కలదు. క్లచ్చికి అంతకు మించిన శత్రువును నేనెరుగను.

పూర్వపు బండ్లలో ఈ రాపిడిని భరించుటకు తోలు వాడిరి. 1891 ప్రాంతమున ఫ్రాన్సులో పనార్ లెవాసోర్ వారు ఇంజనును ముందునకు తెచ్చి, దాని వెనుక క్లచ్చిని, క్లచ్చి వెనుక గేర్లను నిలిపినది మొదలు చాలకాలము క్లచ్చి యనగా తోలు తొడిగిన శంకువువంటి లోహపు ముక్క. తోలు ఎండి బిరుసెక్కి, బండి ఎగిరిపడుచు కదలిన నూనె పట్టించుటయు, నూనె ఎక్కువై జారిన దానిపై మనము ముల్తానీ మట్టి యని పిలుచు మట్టిని చల్లుటయు ఆనాటి డ్రైవర్ల నిత్యకృత్యములు. 1897లో ఇంగ్లండున హెర్బర్ట్ ఫ్రూడ్ నెలకొల్పిన ఫెరోడో సంస్థ వంటివి ఘర్షణపదార్థముల తయారీని ఒక పరిశ్రమగా పెంపొందించిన పిదప తోలు తొలగిపోయినది. కాని దాని స్థానమున చిరకాలము రాజ్యమేలినది ఊపిరితిత్తులకు ప్రాణాంతకమైన ఆస్బెస్టాసు. ఈ మాటతో ముందు పని యున్నది.

క్లచ్చి వ్యాధులలో రెంటికి భేద మెరుగుట ముఖ్యము. ఘాటురోడ్డెక్కుచు ఆక్సిలరేటరు త్రొక్కగా ఇంజను రొద హెచ్చి వేగము హెచ్చకపోవుట, మాడువాసన వచ్చుట జారుటకు గుర్తులు. అది సాధారణముగా ప్లేటు అరుగుటవలన గాని, దానికి నూనె అంటుటవలన గాని కలుగును. బండి కదలునపుడు గజగజ వణకుట వేరొక వ్యాధి. దీనికి ప్లేటునే నిందించుట వాడుక. కాని నా ఎరుకలో సగము నింద ఫ్లైవీలునకు చెందవలసినది, కొంత విరిగిన ఇంజను మౌంటు రబ్బర్లకు చెందవలసినది. పెడలు త్రొక్కగానే గరగర శబ్దము వచ్చిన అది రిలీజు బేరింగు. గేరు పడుటయే కష్టమైనచో గేరుబాక్సు జోలికి పోకముందు కేబులును చూడవలెను. నట్టు రెండు చుట్లు తిప్పుటతో తీరు రోగమునకు ఇంజను ప్రక్కను విప్పువారు లేకపోలేదు.

ఇంటి పనికి అన్ని బండ్లును ఒక్కటి కావు. 1983 డిసెంబరున వెలువడి 2014 వరకు తయారైన మారుతి 800 ఇందుకు మిక్కిలి అనుకూలమని నా అభిప్రాయము. దాని 796 సీసీల ఇంజను అడ్డముగా అమర్చబడియున్నది, గేరుబాక్సు చిన్నది, క్లచ్చి కేబులుతో నడచునది. ఇద్దరు మనుష్యులు జాగ్రత్తతో దింపి యెక్కింపగలరు. అంబాసిడరులో గేరుబాక్సు ఇంజను వెనుక పొడవుగానుండి, ప్రొపెల్లరు షాఫ్టు విప్పిన పిదపగాని రాదు; చోటు విశాలమే, బరువు మాత్రము నడుమే ఎరుగును.

బండి క్రింద దూరువానికి మొదటి నియమము జాకీని నమ్మకుండుట. జాకీ ఎత్తుటకే కాని మోయుటకు కాదు. ఎత్తిన వెంటనే చట్రపు గట్టి తావులలో ఇనుప స్టాండ్లు నిలిపి, వెనుక చక్రములకు అడ్డులు పెట్టి, చేతితో ఊపి చూచి గాని తల క్రిందికి పోనీయరాదు. ఇటుకలు పేర్చి పనిచేయువారిని చూచియున్నాను. ఇటుక చెప్పకుండ పగులును. నేల గచ్చుది కావలెను. బ్యాటరీ నెగటివు తీగను విప్పుట, గేరునూనె వంపుట, కేబులును, స్పీడోమీటరు తీగను, గేరురాడ్డును, స్టార్టరును తొలగించుట, చక్రముల వద్ద క్రింది ఆర్ముల కీళ్లు విప్పి యాక్సిళ్లను గేరుబాక్సునుండి వెలికి లాగుట: ఇవి విసుగు కలిగించునవే కాని కష్టమైనవి కావు. విప్పిన బోల్టు నెల్ల దాని దాని రంధ్రము పేరు వ్రాసిన పొట్లములో వేయుట మేలు. క్లచ్చి గూటి (బెల్‌హౌసింగు) బోల్టులలో పొడవులు వేరువేరు. గేరుబాక్సు తొలగిన పిదప ఇంజనునకు ఒక ప్రక్క ఆధారము పోవును గనుక, ముందే పైన అడ్డముగా బలమైన కమ్మీ వేసి గొలుసుతో ఇంజనును వ్రేలాడదీయవలెను. అటుపిమ్మట గేరుబాక్సును నేరుగా ప్రక్కకు, షాఫ్టు పండ్లనుండి తప్పువరకు జరపి దింపవలెను. మధ్యలో వ్రేలాడనిచ్చిన, పని పాడగును, వ్రేళ్లును నలుగును.

గూడు తెరువగానే నల్లని పొడి రాలును. దానిని నోటితోగాని గాలిగొట్టముతోగాని ఊదరాదు. నేటి ప్లేట్లలో పెక్కింటిలో ఆస్బెస్టాసు లేకున్నను, పాత ప్లేటు దేనితో చేసినదో చూపుతో తేల్చుట అసాధ్యము గనుక తడిగుడ్డతో తుడిచి, గుడ్డను సంచిలో కట్టి పారవేయుట వివేకము. ప్రెషరు ప్లేటు బోల్టులను ఒక్కొక్క దానిని పూర్తిగా విప్పక, ఎదురెదురుగా, కొంచెము కొంచెముగా సడలింపవలెను. లోపల స్ప్రింగు ఒత్తిడి యుండుటచే ఒకప్రక్క ముందు విడిచిన అంచు వంకరవోవును. పాత ప్లేటులో రివెట్ల తలలకు పైన అర మిల్లీమీటరు మందమైనను మిగులకున్న దాని పని ముగిసినట్లే.

ఇక ఫ్లైవీలు. ఇచ్చట తొందర కూడదు. అద్దమువలె మెరయు ముఖము చూచి బాగున్నదని మోసపోరాదు; మెరుపు కూడ వేడి చిహ్నము కావచ్చును. వెలుతురు ఏటవాలుగా పడునట్లు చేసి చూచిన, నీలి మచ్చలు, సాలెగూటి వంటి సన్నని పగుళ్లు, రివెట్లు గీసిన గాడులు కనబడును. నీలి మచ్చ యున్నచోట పోత ఇనుము కాగి చల్లారి, తక్కిన భాగముకంటె కఠినమై యుండుట కలదు; కఠినమైనది అరుగదు, చుట్టునున్నది అరుగును, కొంతకాలమునకు అది మిట్టయై నిలుచును, ఆ మిట్ట మీద క్రొత్త ప్లేటు ఎక్కుచు దిగుచు వణకును. డయల్‌గేజును ఆనించి ఫ్లైవీలును చేతితో త్రిప్పి చూచినపుడు ముల్లు ఎంత ఆడుచున్నదో గమనింపవలెను. మారుతి 800లోని సుజుకీ వారి ఈ చిన్న ఇంజనునకు 0.2 మిల్లీమీటరు హద్దు. గాడులును మచ్చలును పైపైన ఉన్నవైనచో ముఖమును చదును (ఫేసింగు) చేయింపవచ్చును. విజయవాడ జవహర్ ఆటోనగరులో గాని, విశాఖ గాజువాకలో గాని లేత్ షాపులకు కొదువ లేదు. కాని అచ్చట అడుగవలసినది లేత్ మీద కోతను కాదు, గ్రైండింగును. లేత్ ఉలి కఠినమైన మచ్చ ఎదురైన పైకి లేచి దాటిపోవును. గ్రైండింగు చక్రము మాత్రము మిట్టను పల్లమును ఒక్కటిగా చేయును. ప్రెషరు ప్లేటు కూర్చుండు అంచు మెట్టుగా నున్న ఫ్లైవీలులలో ముఖమునుండి ఎంత తీసిరో మెట్టునుండియు అంతే తీయవలెను. లేనియెడల అదుము మారిపోవును. పగుళ్లు లోతైనచో, పండ్లచట్రము శిథిలమైనచో, క్రొత్త ఫ్లైవీలు కొనుటయే మేలు. వేగముగా తిరుగు పోత ఇనుపచక్రము పగులుట సామాన్యమైన ప్రమాదము కాదు.

ఫ్లైవీలు విప్పుటకు ముందు క్రాంకుషాఫ్టుకును దానికిని గుర్తు గీసికొనుట మంచిది. విప్పిన పిదప క్రాంకుషాఫ్టు వెనుక ఆయిల్‌సీలు కనబడును. అది కారుచున్నను కారకున్నను మార్చవలెనందును. వెల స్వల్పము, దానికొరకే మరల గేరుబాక్సు దింపుట స్వల్పము కాదు. రిలీజు బేరింగు విషయమునను, షాఫ్టు కొనను మోయు చిన్న బేరింగు విషయమునను ఇదే న్యాయము. ఈ పనిలో ప్రధానవ్యయము సామానుది కాదు, సామానును చేరుటది. చేరిన నాడు లోభము పనికిరాదు.

తిరిగి బిగించుటలో పరిశుభ్రతయే సర్వస్వము. క్రొత్త ఫ్లైవీలు తుప్పు పట్టకుండ పూసిన నూనెతో వచ్చును. థిన్నరుతో కడిగి, తెల్లని గుడ్డకు మరక అంటని వరకు తుడువవలెను. ఫ్లైవీలు బోల్టులు కొన్ని బండ్లలో ఒకమారు బిగించుటకే ఉద్దేశింపబడినవి. కొన్నింటిలో రంధ్రములు నూనెగదిలోనికి తెరచుకొనును గనుక మరలకు లాక్‌టైటు వంటి జిగురు పూయక తప్పదు. బిగువు కొలత బండిపుస్తకము చెప్పును. టార్కురెంచి లేనివాడు అద్దెకైనను తెచ్చుకొనవలెను. క్లచ్ ప్లేటుపై ఫ్లైవీలు వైపని ముద్రించిన ముఖమును త్రిప్పివేయుట అనుభవజ్ఞులకును జరుగు పొరపాటు. ప్లేటు నట్టనడుమ నిలుచుటకు డమ్మీ షాఫ్టు దూర్చి, ప్రెషరు ప్లేటును మరల ఎదురెదురుగా బిగింపవలెను. షాఫ్టు పండ్లకు గ్రీజు పలుచని పొరగా చాలును. మిగులు గ్రీజు ప్లేటునే చేరును. గేరుబాక్సు ఎక్కించునపుడు చివరి అంగుళము మొండికేసిన, బోల్టులు బిగించి లాగుకొనరాదు, దాని బరువును ప్లేటు మీద మోపరాదు; డమ్మీతో మరల కేంద్రము సరిచూచుకొని, షాఫ్టును కొంచెము త్రిప్పుచు నెట్టిన అది తనంత తాను కూర్చుండును.

ఈ చెప్పినదంతయు ఏకఖండపు ఫ్లైవీలునకు. 1985లో జర్మనీలోని లూక్ సంస్థ వెలువరించిన రెండు భాగముల ఫ్లైవీలు, లోపల స్ప్రింగులు గలది, ఇప్పుడు డీజిలు బండ్లలో పెక్కింటికి వచ్చుచున్నది. దానిని గ్రైండింగు చేయింపరాదు, భాగముల నడుమ ఆట మితిమీరిన మార్చవలసినదే, దాని వెలయు అధికము. అట్టి బండి గలవారు ఇంటి పనికి పూనుకొనుటకు ముందు రెండుమారులు ఆలోచింపవలెను.

గేరునూనె పోసి, కేబులు బిగించి, పెడలు ఖాళీకదలికను బండిపుస్తకము చెప్పిన కొలతకు తెచ్చి, ఇంజను నడపి, బండి స్టాండ్లపైనుండగనే గేర్లన్నియు పడుచున్నవో లేవో చూడవలెను. మొదటి కొన్ని వందల కిలోమీటర్లు బరువు లాగింపక, ఘాట్లెక్కింపక, ఊరిలో మెల్లగా నడపినచో క్రొత్త ముఖములు రెండును ఒకదానితో నొకటి ఒరసి పొందికపడును. ఆ గడువు ముగిసిన పిదప కేబులును మరల సరిచూడవలెను. ఈమారు అందుకు గేరుబాక్సు దింపనక్కరలేదు. బానెట్టెత్తి, ఒక్క స్పానరు చేతబట్టిన చాలును.