కార్చిచ్చు ముందు నిలిచిన అయిదుగురు ధ్యానులు

అమెరికాలోని కాలిఫోర్నియా కొండల నడుమ, లోయలో టాసహారా అనే చోట ఒక జెన్ బౌద్ధ మఠం ఉంది. అక్కడికి చేరాలంటే దాదాపు 22 కిలోమీటర్లు మట్టి బాటన వెళ్ళాలి. 2008 జూలై 10న ఆ మఠాన్ని కార్చిచ్చు చుట్టుముట్టింది. అప్పటికి లోపల ఉన్నది అయిదుగురే. వారు మంటలార్పడం వృత్తిగా గలవారు కారు, ధ్యానం చేసుకునేవారు. అయినా మఠం దక్కింది.

మన మాటే జెన్

జెన్ అనే మాటకు మూలం మన 'ధ్యానం'. చైనాలో అది 'చాన్' అయింది, జపాన్‌లో 'జెన్' అయింది. భారతదేశం నుంచి వెళ్ళిన బోధిధర్ముడు దీనిని చైనాకు చేర్చాడని సంప్రదాయం చెబుతుంది. నాగార్జునకొండ పేరుతో మనకు పరిచయమైన ఆచార్య నాగార్జునుడిని జెన్ సాధకులు తమ గురుపరంపరలో 14వ వాడుగా తలుస్తారు.

వెన్ను నిటారుగా ఉంచి, గోడవైపు తిరిగి కదలక కూర్చోవడం ఈ సాధనకు ప్రధానం. వంట చేయడం, వాకిలి ఊడ్వడం, కట్టెలు కొట్టడం కూడా సాధనలో భాగాలే. చేతిలో ఉన్న పని మీద మనసు నిలపాలన్నదే నియమం.

షున్‌ర్యూ సుజుకి అనే జపాన్ గురువు 1959లో శాన్‌ఫ్రాన్సిస్కో నగరానికి వచ్చి ఈ సాధన నేర్పారు. నగరంలో వాహనాల రొద మధ్యనే శిష్యులు తెల్లవారుజామున కూర్చునేవారు. రొద ఆగాలని ఎదురుచూడక, దానిని వినీ వదిలేయడం అక్కడి పాఠం. 1967లో టాసహారాలో అడవి మఠం వెలిసింది. అక్కడ ఏటా 90 రోజుల దీక్షలు పడతారు. మన చాతుర్మాస్యంలాగే, బుద్ధుని కాలంలో భిక్షువులు వానాకాలమంతా ఒకేచోట నిలిచిన ఆచారమే దీనికి మూలం.

ముందే సిద్ధం

2008 జూన్ 21న పిడుగులు పడి అడవి అంటుకుంది. మఠంవారు అతిథులను పంపివేశారు. కట్టడాల చుట్టూ పొదలు నరికారు, ఎండుటాకులు ఊడ్చారు. వాగు నీటిని పంపులతో తోడి, గొట్టాల ద్వారా ఇళ్ళ కప్పుల మీద చిమ్మే ఏర్పాటు చేశారు. బుద్ధ విగ్రహాన్ని భద్రంగా భూమిలో పాతిపెట్టారు. జూలై 9న మిగిలినవారు కూడా బయలుదేరారు. అయితే గురువు స్టీవ్ స్టూకీతో సహా అయిదుగురు దారిలో వెనక్కు తిరిగారు.

మరునాడు మంట కొండలు దిగి వచ్చింది. అయిదుగురూ గంటల తరబడి గొట్టాలు పట్టుకుని పరుగులు తీశారు. ఒకచోట ఆర్పితే మరోచోట అంటుకునేది. మంటను శత్రువనుకుని ఆవేశపడలేదు, ఎక్కడ అంటుకుంటే అక్కడ చేయవలసిన పని చేశారు. కొన్ని చిన్న పాకలు పోయాయి. ధ్యానమందిరం, వంటశాల నిలిచాయి. ఎవరి ప్రాణానికీ హాని కలగలేదు. ఆ కార్చిచ్చులో మొత్తం 1,60,000 ఎకరాలకు పైగా అడవి కాలింది.

వారు వెనుదిరగడం అందరూ అనుసరించదగినది కాదు. ఇల్లు మళ్ళీ కట్టుకోవచ్చు, ప్రాణం పోతే రాదు. కాని వారి ముందుచూపు మాత్రం ఎవరికైనా పనికొస్తుంది. ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టు కాకుండా, మంట రాకముందే వారు నీళ్ళు సిద్ధం చేసుకున్నారు. ఎండాకాలంలో గడ్డివాములు, పూరిళ్ళు తగలబడే మన పల్లెలకు ఈ పాఠం కొత్తది కాదు, ఆచరించడమే మిగిలింది.

అడవి నేర్పేది ఇంకొకటి ఉంది. ఆ కొండల్లో కొన్ని పొదలు కాలిన తరువాత మొదలు నుంచి మళ్ళీ చిగురిస్తాయి. కొన్ని విత్తనాలకు వేడి, పొగ తగిలితేనే మొలక వస్తుంది. అదే సమయంలో, చెట్టూ చేమా పోయిన వాలు మీద వాన పడితే మట్టి, రాళ్ళు జారి కిందికి వస్తాయి. మంట ఆరిందని అక్కడివారు నిశ్చింతగా ఉండడానికి లేదు. వేసవిలో నిప్పును కనిపెట్టి ఉన్నట్టే, ఆ తరువాత వానను కనిపెట్టి ఉండాలి.