పెట్టె పోయిందా... తీగ తెగిందా?

* ఈసీఎం మార్చే ముందు పరీక్షలు తప్పనిసరి
* తొందరపడితే వేల రూపాయలు వృథా

విజయవాడ, ఆటోనగర్: నూజివీడు తోటలో మామిడి కాయలు ఎత్తుకున్న చిన్న ట్రక్కు తెల్లవారేసరికి నున్న మార్కెట్టుకు చేరాలి. దారిలో టీ కోసం ఆపిన బండి మళ్లీ కదలదు. సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజిన్ మాత్రం అందుకోదు. ట్యాంకులో డీజిల్ ఉంది, బ్యాటరీ కొత్తదే. ఫిల్టరు మార్చినా ఫలితం ఉండదు. చివరకు ‘ఈసీఎం పోయింది, కొత్తది వేయాల్సిందే’ అన్న మాట వినపడుతుంది. బండిలో కాయలు మెత్తబడుతుంటాయి, ఫైనాన్స్ వాయిదా గడువు దగ్గర పడుతుంటుంది. సొంత బండి నడుపుకొని బతికే చోదకుడికి ఆ మాట పిడుగుపాటే.

ఇలాంటి అనుభవం సరకు రవాణా వాహనదారులకు కొత్త కాదు. అయితే ఆ మాట నిజమో కాదో తేల్చుకోకుండా డబ్బు తీయడమే అసలు నష్టానికి మూలం. ఈసీఎం పాడయ్యే సందర్భాలు లేకపోలేదు. కానీ దానికి కరెంటు చేర్చే తీగలు, ఎర్త్, ఫ్యూజు, సెన్సర్లలో తలెత్తే లోపాలే తరచూ ఈసీఎం లోపంలా కనిపిస్తాయి. వందల రూపాయలతో పోయే పనికి వేలు ధారపోసి, కొత్త పెట్టె బిగించాక కూడా బండి కదలక తలపట్టుకోవాల్సి వస్తుంది. ఎలక్ట్రికల్ భాగాలను ఒకసారి అమ్మాక వెనక్కు తీసుకోని దుకాణాలే ఎక్కువ.

ఏమిటీ పెట్టె?

ఇంజిన్ కంట్రోల్ మాడ్యూల్‌నే క్లుప్తంగా ఈసీఎం అంటారు. కొందరు ఈసీయూ అనీ పిలుస్తారు. పాత డీజిల్ ఇంజిన్లలో ఇంధనం ఎంత, ఎప్పుడు వెళ్లాలన్నది పంపులోని యంత్ర భాగాలే నిర్ణయించేవి. దేశమంతటా 2017 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-4, 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు అమల్లోకి వచ్చాక ఆ పని దాదాపుగా ఈసీఎం చేతికి వెళ్లింది. ఇంజిన్ ఎంత వేగంతో తిరుగుతోంది, ఎంత వేడెక్కింది, చోదకుడు యాక్సిలరేటర్‌ను ఎంత తొక్కాడు అన్న సమాచారాన్ని సెన్సర్లు పంపుతాయి. దాన్ని లెక్కగట్టి ఇంజెక్టర్లు ఏ క్షణాన తెరచుకోవాలో ఈసీఎం ఆదేశిస్తుంది. సమాచారం తప్పుగా వస్తే ఆదేశమూ తప్పుతుంది. కరెంటు సరిగా అందకపోతే ఆదేశమే ఉండదు. రెండు సందర్భాల్లోనూ నింద పడేది ఈసీఎం మీదే.

ఎందుకు పాడవుతుంది?

ఈసీఎంకు మొదటి శత్రువు నీరు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వరదకు విజయవాడ సింగ్‌నగర్ పరిసరాల్లో పెద్దసంఖ్యలో వాహనాలు మునిగాయి. అలా మునిగిన వాహనానికి తాళంచెవి తిప్పి చూడటం ప్రమాదకరం. ముందుగా బ్యాటరీ తీగలు విప్పి, కనెక్టర్లన్నీ ఊడదీసి శుభ్రం చేసి ఆరబెట్టాలి. లోపల మిగిలిన తడితో పిన్నులకు పచ్చని చిలుము పట్టి, వారాల తర్వాత కూడా బండి మొరాయించవచ్చు.

రెండోది వెల్డింగ్. బాడీ కట్టేటప్పుడు, తొట్టికి మరమ్మతు చేసేటప్పుడు బ్యాటరీని వేరు చేయకుండా వెల్డింగ్ చేస్తే ఆ కరెంటు ఈసీఎంను కాల్చేయగలదు. బ్యాటరీ తీగలతోపాటు ఈసీఎం కనెక్టర్లను కూడా విప్పాలి. వెల్డింగ్ ఎర్త్ క్లిప్పును అతికే చోటుకు దగ్గర్లోనే పెట్టాలి. 12 వోల్టుల చిన్న బండిని స్టార్టు చేయడానికి 24 వోల్టుల లారీ బ్యాటరీని తగిలించడం, ప్లస్ మైనస్‌లు తారుమారు చేయడం కూడా ఇంతే అనర్థదాయకం. వీటికి తోడు ఎలుకలు తీగలు కొరకడం, కుదుపులకు లోపలి అతుకులు వదలడం ఇతర కారణాలు.

పరీక్ష ఎక్కడ మొదలు?

తాళంచెవి ఆన్ చేయగానే డ్యాష్‌బోర్డులో ఇంజిన్ గుర్తు దీపం వెలగాలి, ఇంజిన్ స్టార్టయ్యాక ఆరిపోవాలి. అసలు వెలగకపోతే ఈసీఎంకు కరెంటు చేరడం లేదేమోనని మొదట అనుమానించాలి. తర్వాత బ్యాటరీని చూడాలి. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు బాగా చార్జి అయిన బ్యాటరీలో సుమారు 12.6 వోల్టులు ఉండాలి. సెల్ఫ్ తిరిగేటప్పుడు అది 9.6 వోల్టుల కంటే తగ్గితే ఈసీఎం మధ్యలోనే పని ఆపేసే అవకాశం ఉంది. 24 వోల్టుల లారీలకు ఈ లెక్కలు రెట్టింపవుతాయి.

ఆ తర్వాత ఫ్యూజులు, మెయిన్ రిలే. ఇక్కడ చాలామంది పొరబడతారు. తీగలో ఒక్క పోగు మిగిలినా మీటరులో 12 వోల్టులు కనిపిస్తాయి. కానీ ఆ పోగు ఈసీఎంకు కావాల్సిన కరెంటును మోయలేదు. అందుకే కనెక్టరు విప్పి, కరెంటు తీగ వద్ద చిన్న బల్బు వెలిగించి చూడాలి. బల్బు మసకగా వెలిగితే లోపం తీగలోనో, ఫ్యూజు పట్టులోనో, రిలేలోనో ఉన్నట్లే.

ఎర్త్‌ను కూడా ఇలాగే పరీక్షించాలి. అన్నీ ఆన్‌లో ఉండగా మీటరు ఒక మొనను ఈసీఎం ఎర్త్ పిన్ను వద్ద, రెండోదాన్ని బ్యాటరీ మైనస్ వద్ద ఉంచాలి. రీడింగ్ దాదాపు సున్నా ఉండాలి. 0.2 వోల్టులు దాటితే ఛాసిస్‌కు బిగించిన ఎర్త్ బోల్టు వదులైందో, తుప్పు పట్టిందో చూడాలి. ఉప్పుకాగితంతో రుద్ది బిగిస్తే తీరిపోయే సమస్యలెన్నో ఇక్కడే ఉంటాయి.

ఒక్క సెన్సరుతో అన్నీ బంద్!

ఈసీఎం చాలా సెన్సర్లకు 5 వోల్టుల కరెంటు ఇస్తుంది. అందులో ఒక్క సెన్సర్ షార్టయినా ఆ 5 వోల్టులు పడిపోయి, మిగతావి కూడా పనిచేయవు. చూసేవారికి ఈసీఎం చచ్చిపోయినట్లే ఉంటుంది. సెన్సర్ల కనెక్టర్లను ఒక్కొక్కటిగా విప్పుతూ మీటరు చూడాలి. ఏది విప్పగానే 5 వోల్టులు తిరిగి వచ్చాయో దోషి అదే. అన్నీ విప్పినా రాకుంటే ఆ తీగ ఎక్కడైనా ఒరిసి బాడీకి తగులుతోందా అన్నది చూడాలి.

స్కానరు ఏం చెబుతుంది?

చాలా వాహనాల్లో స్టీరింగు కింది భాగంలో 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. స్కానరును అక్కడ తగిలిస్తే లోపాల కోడ్‌లు కనిపిస్తాయి. కోడ్ అనేది తీర్పు కాదు, ఆనవాలు మాత్రమే. ఉదాహరణకు పి0335 అంటే క్రాంక్ సెన్సర్ మార్గంలో లోపం. అది సెన్సర్‌దే కావచ్చు, తీగది కావచ్చు, కనెక్టరుది కావచ్చు. బండి వేడెక్కాక మొరాయించి, చల్లారాక స్టార్టయితే మొదట అనుమానించాల్సింది ఈ క్రాంక్ సెన్సర్‌నే. సెల్ఫ్ కొట్టేటప్పుడు స్కానరులో ఇంజిన్ వేగం సున్నాగా కనిపిస్తే ఆ సెన్సర్ సంకేతం ఈసీఎంకు చేరడం లేదన్నమాట. టీ కోసం ఆగి కదలని మామిడి బండికి కావాల్సింది ఈ చిన్న సెన్సరే కావచ్చు.

యు0100 కోడ్ వస్తే ఈసీఎంతో మాట కలవడం లేదని అర్థం. అప్పుడు బ్యాటరీ విప్పి, సాకెట్‌లోని 6, 14 పిన్నుల మధ్య నిరోధం కొలవాలి. ఈ పిన్నులకు క్యాన్ తీగలు కలిసి ఉన్న వాహనాల్లో సాధారణంగా సుమారు 60 ఓములు ఉండాలి. 120 కనిపిస్తే ఒకవైపు తీగ తెగినట్లు, సున్నాకు దగ్గరైతే తీగలు షార్టయినట్లు భావించాలి. పి0601, పి0606 వంటి కోడ్‌లు మాత్రం ఈసీఎం లోపలి లోపాన్నే సూచిస్తాయి. అప్పుడు కూడా బ్యాటరీ, ఎర్త్ సరిచూసి, కోడ్‌లు చెరిపి, మళ్లీ వస్తున్నాయేమో చూశాకే నిర్ధారణకు రావాలి.

మార్చాల్సి వస్తే...

కరెంటు, ఎర్త్, 5 వోల్టులు, సెన్సర్ల సంకేతాలు అన్నీ సవ్యంగా ఉండి, తీగలు బాగుండి కూడా ఇంజెక్టర్లకు ఆదేశం వెళ్లకపోతే అప్పుడు ఈసీఎం పోయిందని చెప్పవచ్చు. అంతటితో ఆగకూడదు. దాన్ని చంపినదేమిటో కనిపెట్టాలి. షార్టయిన ఇంజెక్టరో, సోలినాయిడో పాతదాన్ని కాల్చి ఉంటే, కొత్త ఈసీఎం కూడా అదే దారి పడుతుంది.

కొత్త ఈసీఎం పార్టు నంబరు పాతదానితో సరిపోవాలి. ఒకే మోడల్ బండ్లలో కూడా ఇంజిన్ రకాన్ని బట్టి లోపలి సాఫ్ట్‌వేర్ మారుతుంది. తాళంచెవిలో చిప్పు ఉన్న వాహనాల్లో ఈసీఎంకు ఆ తాళంచెవిని గుర్తుపట్టేలా ప్రోగ్రామింగ్ చేయకపోతే బండి స్టార్టు కాదు. పాత సామాను దుకాణంలో కొన్న ఈసీఎం బిగించి మోసపోయేది ఎక్కువగా ఇక్కడే. కామన్ రైల్ ఇంజిన్లలో చాలావాటికి ఒక్కో ఇంజెక్టరుపై ముద్రించిన కోడ్‌ను కూడా కొత్త ఈసీఎంలో నమోదు చేయాలి. లేకుంటే ఇంజిన్ కొట్టుకుంటుంది, పొగ వస్తుంది.

మార్చే ముందు బ్యాటరీ మైనస్ విప్పి కొన్ని నిమిషాలు ఆగాలి. పిన్నులను చేత్తో తాకకూడదు. ప్రోగ్రామింగ్ జరుగుతున్నప్పుడు బ్యాటరీ పడిపోతే కొత్త ఈసీఎం కూడా పనికిరాకుండా పోవచ్చు. అందుకే తగిన చార్జరు తగిలించి ఉంచాలి. పని పూర్తయ్యాక కోడ్‌లు చెరిపి, బండిని నడిపించి, మళ్లీ స్కాన్ చేస్తేనే పని ముగిసినట్లు. ఈసీఎంలో కాలిన భాగం ఒక్కటే మార్చి బాగుచేసేవారూ ఉన్నారు. నీటిలో నాని బోర్డు తినేసిన వాటికి మాత్రం ఈ మరమ్మతు నిలవడం కష్టం.

వాహనదారులు అడగాల్సినవి

* వారంటీ ఉంటే బయట ఈసీఎం మూత విప్పించవద్దు. నేరుగా అధీకృత సర్వీసు కేంద్రానికే వెళ్లాలి.
* స్కానరులో కనిపించిన కోడ్‌లను కాగితంపై రాయించుకోవాలి.
* కరెంటు, ఎర్త్ పరీక్షించారా, ఎన్ని వోల్టులు వచ్చాయి అని అడగాలి.
* పాత ఈసీఎంను తిరిగి తీసుకోవాలి. కొత్తదానికి బిల్లు, వారంటీ కాగితం తప్పనిసరి.
* మరమ్మతు చేయిస్తే ఎన్ని నెలల హామీ ఇస్తారో ముందే రాతపూర్వకంగా తేల్చుకోవాలి.

మీటరు, బల్బు, స్కానరుతో చేసే ఈ పరీక్షలకు పట్టేది కొన్ని గంటలే. ఆ కాసేపు ఓపిక పడితే నెల సంపాదన మిగలవచ్చు.